మూడోనాడు చెప్పిన మాట

తెలంగాణ వచ్చినంక నాలుగో ఎండకాలంల నన్ను లేబర్ రూంకు హెడ్ ఆయాగ వేసిండ్రు. ఇబ్రహీంపట్నంల ఒక ట్రస్టు వాళ్లు నడిపిన పన్నెండు మంచాల ప్రసూతి దవాఖాన అది. ఇప్పుడు లేదు, పేరుతోని మనకు పని లేదు. అంతకుముందు ఇరవై ఏండ్లు అదే రూంల నేను మామూలు ఆయాను. హెడ్ ఆయా అంటే పెద్ద నౌకరి అనుకునేరు. చీపురు ఇంకొకరి చేతికి పోయి తాళాలు మన చేతికొస్తయి, అంతే. పైన డాక్టరమ్మ, ఆమె కింద స్టాఫ్ నర్సులు, వాళ్ల కింద మేము.

లేబర్ రూంల ఎవరి నోరు ఎంతవరకు తెరవాల్నో కూడ ఒక పద్ధతి ఉంటది. బిడ్డ పుట్టిన టైము నర్సు చెప్తది. తల్లి ఎట్లున్నదో డాక్టరమ్మ చెప్తది. ఆడపిల్లనా, మొగపిల్లగాడా అన్న ఒక్క మాట ఆయా బయటికి పోయి చెప్తది, అది గూడ నర్సు తల ఊపినంకనే. బిడ్డ బతికి లేకపోతే ముందు డాక్టరమ్మ బయటికి పోయి చెప్పాలె. ఎనుకనుంచి ఆయా పోయి, తెల్లబట్టల చుట్టిన బిడ్డను ఇంటి పెద్దమనిషి చేతుల పెట్టి, రిజిస్టర్‌ల సంతకమో వేలిముద్రో తీసుకొని లోపలికి రావాలె. ఎందుకైంది, ఎప్పుడైంది అని వాళ్లు అడుగుతరు. ఆయా చెప్పొద్దు. డాక్టరమ్మను అడుగుండ్రి అనాలె. ఇరవై ఏండ్లల నేను ఈ కట్టు ఒక్కసారి గూడ తప్పలేదు.

మా సంఘం సంగతి గూడ ఈడనే చెప్పాలె. బిడ్డ పోయిన బాలింతను మా దగ్గర తెల్లారే పంపిస్తుండ్రి. వార్డు నిండ పసిపిల్లల ఏడుపులుంటయి గనుక వాళ్లు గూడ తొందరగ పోతమనేటోళ్లు. చీటీల రక్తం గోలీలు, జ్వరం గోలీలు రాస్తరు. పాల సంగతి మాత్రం ఎవరు చెప్పరు. పాలు మూడోనాడు వస్తయి, బిడ్డ ఉన్నా లేకున్నా వస్తయి. అప్పటికి ఆమె ఇంటికాడ ఉంటది. తుర్కయంజాల్ దిక్కు నుంచి అండాలు అని ఒకామె గట్లనే పోయి, పన్నెండోనాడు రొమ్ము గడ్డ అయ్యి మల్ల వచ్చింది. కోసి చీము తీసిండ్రు. కట్టు కడుతుంటె ఆమె అరిచింది: "బిడ్డ పోతదని మీకు తెల్వదు, ఒప్పుకున్న. పాలొస్తయని తెలుసు గద! ఒక్కరన్న చెప్పిండ్రా?"

ఆ మాట మీదనే మేము సంఘం మొదలువెట్టినం. అండాలు ఒకతి, స్టాఫ్ నర్సు సుగుణ సిస్టర్ ఒకతి, నేనొకదాన్ని. ఇంటికి పోయేముందు బాలింతను సుగుణ సిస్టర్ పక్కకు పిలిచి, మూడోనాడు మావాళ్లొస్తరు, రావచ్చునా అని అడుగుతది. అవ్ అంటెనే ఊరు పేరు రాసుకుంటం. పోయి చల్లని తడిబట్టలు పెడతం, పిండొద్దని చెప్తం, జ్వరముందా చూస్తం. మా దిక్కు ఆడోళ్లు ఎప్పటినుంచో చేసేది ఇంకొకటున్నది, మల్లెపూల దండ రొమ్ములకు ఆనిచ్చి కడితే పాలు తగ్గుతయని. పూలతోని తగ్గుతదో, తడిబట్టతోని తగ్గుతదో తనకు తెల్వదని సిస్టర్ అనేది. అయినా వద్దనకపోయేది. అందరు మమ్మల్ని మూడోనాటోళ్లు అని పిలుస్తుండ్రి. సంఘానికి ఆ పేరే ఉండిపోయింది.

ఆ ఎండకాలం అమాస నాడు పగటీలి స్వప్న అనే పిల్లను తీసుకొచ్చిండ్రు. కందుకూరు దిక్కు ఊరు. ఇరవై రెండేండ్లుంటయి, మొదటి కానుపు, నెలలు నిండినయి. మొగడు నాదర్‌గుల్ కాడ సెంట్రింగ్ పని చేస్తడు. వెంబడి అత్త బాలమ్మ ఉన్నది. వచ్చేటప్పటికే కడుపుల గుండె సప్పుడు లేదు. కానుపైంది, ఆడపిల్ల. డాక్టరమ్మ పోయి చెప్పింది. నేను పోయి బాలమ్మ చేతుల పెట్టి, వేలిముద్ర తీసుకొని, లోపల ఇంకొకామెకు నొప్పులెక్కువైనయంటె ఉరికొచ్చిన. తెల్లారి ఇంటికి పోయేటప్పుడు సిస్టర్ అడిగితే స్వప్న రమ్మన్నది.

మూడోనాడు పగలు డ్యూటీ అయినంక నేను, అండాలు బస్సెక్కి పోయినం. ముంగిటి గద్దె మీద బాలమ్మ, పక్కన ఇద్దరు ఆడోళ్లు కూసున్నరు. మల్లెపూలు నా చేతులనే ఉన్నయి, పేపరు పొట్లం విప్పుకొని బయటికే కనబడుతున్నయి. ఆ ఇంటికి పూలు గట్ల పట్టుకపోవద్దని నాకు తోచలేదు. మాకు అవి దూది అసుంటియి, గాజుగుడ్డ అసుంటియి.

బాలమ్మ పూల దిక్కు చూసింది. "ఎవరికి పూలు? మా ఇంట్ల పేరంటమున్నదా?"

అండాలు నోట్ల మాట ఆగదు. "పేరంటం కాదు పెద్దమ్మా, మందు."

"మందు పూలల్ల ఉంటె మీకు దవాఖాన ఎందుకే? పూలంగడి పెట్టుకోరాదుండ్రి."

పక్కన కూసున్న ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. అప్పుడు బాలమ్మ నా మొఖం చూసి గుర్తువట్టింది. "నువ్వే గద! బిడ్డను నా చేతులవెట్టి, వేలు ఒత్తించుకొని, ఎనుకకు చూడకుండ పోయినవ్. ఆనాడు ఒక్క మాట లేకపాయె. ఇయ్యాల పూలు పట్టుకొని వచ్చినవా?"

సగం తీసిన తలుపుల నుంచి స్వప్న కనబడుతున్నది. మంచం మీద కూసొని, చేతులు పక్కలకు దించలేక ఎడంగ ఎత్తి పట్టుకున్నది. జాకెట్టు ముందు తడిసిపోయింది. మొఖం ఎర్రగ ఉన్నది. రొమ్ములు రాయిగట్టినప్పుడు మనిషి గట్లనే కూసుంటది. జ్వరమున్నదని ఆడికెళ్లే తెలుస్తున్నది. బాలమ్మ లేచి తలుపు దగ్గరికి గుంజింది.

బస్టాండుకు వచ్చినం గని ఎక్కబుద్ధి కాలేదు. రెండు బస్సులు వదిలిపెట్టినం. ఎండల అండాలు ఇటు పది అడుగులు అటు పది అడుగులు తిరుగుతనే ఉన్నది. "ఇరవై ఏండ్ల సర్వీసు! ఒక ముసలామెకు జవాబు చెప్పరాలేదు నీకు" అని నన్నే పట్టుకున్నది. సుగుణ సిస్టర్‌కు ఫోన్ చేసినం. జ్వరముంటె ఇయ్యాలనే తేవాలె, ఆగితె గడ్డ అయితది, బలవంతం మాత్రం చేయొద్దు అన్నది. చివరకు నన్ను పేరువెట్టి పిలిచి, "యాదమ్మా, వాళ్లు ఏమన్న అడిగితె దవాఖానకు రమ్మను. నువ్వేం చెప్పకు" అన్నది.

పూలు అండాలు చేతికిచ్చి నేనొక్కదాన్నే మల్ల పోయిన. పక్కింటి ఆడోళ్లు లేచిపోయిండ్రు. బాలమ్మ ఈసారి పొమ్మనలే, కూసోమనలే. నేనే గద్దె చివరకు కూసున్న. ఆమెనే అడిగింది.

"నువ్వు లోపలున్నవ్. అది ఏడ్వనే లేదా?"

"లేదమ్మా."

"అమాస అని నేనే ఆపిన. తెల్లారగట్లనే నొప్పులొచ్చినయి. అమాస గడియలు పోనియ్యుండ్రి, అన్నం తిని పోదామన్న. జల్ది వస్తే బతుకుండెనా?"

డాక్టరమ్మను అడుగమ్మా అన్న. మా పద్ధతి ప్రకారం చెప్పాల్సిన జవాబు అదే. ఆమె నా దిక్కు చూసి, "చెప్పుతలేవంటె నాదే తప్పన్నట్టు" అన్నది. ఆ మాట ఏడ్చుకుంట అనలేదు. లెక్క తేలిపోయినట్టు అన్నది.

నాకు తెలుసు. ఆ బిడ్డను తుడిచింది నా చేతులు. తుడుస్తుంటె తోలు ఊడొచ్చింది. కడుపుల పానం పోయి రెండు దినాలన్న అయితెనే గట్ల ఊడుతది, గసుంటియి నేను మస్తు చూసిన. ఈమె ఆపిన ఆ కొన్ని గంటలకు దాంతోని ఏం సంబంధం లేదు. చెప్పేసిన. "నీ తప్పు కాదమ్మా. నువ్వు ఆ రోజు తెల్లారగట్లనే తెచ్చినా అంతే. రెండు దినాల ముందే పోయింది."

ఆమె మొఖం మీద ఇంత నెమ్మది కనబడుతదనుకున్న. అది కనబడలే. కండ్లు మెల్లగ లోపలి తలుపు దిక్కు తిరిగినయి. లేచి పోయి తలుపు నూకింది.

"రెండు దినాలు కదుల్తలేకుంటె నీ నోరు ఏమైందే?"

స్వప్న అంత విన్నది. "కదిలిందనుకున్న అత్తమ్మా" అన్నది. "కొంచెం కొంచెం కదిలిందనుకున్న. నిజంగ." తన కడుపు దిక్కే చూసుకున్నది.

నేను చెప్పిన మాట ఒకామె మీదికెళ్లి లేచి పోయి ఇంకొకామె మీద కూసున్నది. దాన్ని ఎనుకకు తీసుకునే మాట నా దగ్గర లేదు. కదిలిందనుకున్నది ఎందుకు, బిడ్డ పోయింది ఎందుకు, అవి నాకు తెల్వవు. నాకు తెలిసింది తోలు సంగతి ఒక్కటే.

స్వప్న నుదురు ముట్టుకుంటె కాలుతున్నది. ఇయ్యాలనే పోదాం అంటె, కొడుకు రానిదే గడప దాటనియ్య అన్నది బాలమ్మ. బస్టాండుల ఉన్న అండాలును ఫోన్ చేసి పిలిచిన. సిస్టర్ ఇచ్చిన జ్వరం గోలి వేసి, తడిబట్టలు పెట్టి, పూలు కట్టినం. బాలమ్మ ఇప్పుడు పూలకు అడ్డం రాలేదు, అటు చూడనే లేదు. ఆఖరుకు, "రాత్రి కొడుకు వస్తడు, పొద్దుగాల వస్తం. ఎవరి తప్పో మీ డాక్టరమ్మ ముంగటనే తేల్చుకుంట" అన్నది. అండాలు స్వప్న మంచం పక్కన చాప పరుచుకొని, తను ఆడనే ఉంట, ఎవరేమన్న అనుకోండ్రి అని మొండికేసింది. నేనొక్కదాన్ని బస్సెక్కిన. బస్సుల సీటు దొరికినా కూసోలేకపోయిన.

తెల్లారి నా డ్యూటీ పది గంటలకు. నేను ఏడుకే పోయి డాక్టరమ్మ రూం ముంగట నిలబడ్డ. ఆమె రాంగనే అంత చెప్పిన. తిడుతదనుకున్న. ఆమె సంచి బల్ల మీద పెట్టి, "నువ్వు చెప్పింది తప్పు కాదు యాదమ్మా. కాని అది సగమే" అన్నది. రికార్డు బీరువా నుంచి స్వప్న కేసు షీటు తెమ్మన్నది. కేసు షీటంటె మనిషి లోపలికి వచ్చినకాడికెళ్లి పోయేదాంక ఏమేం చూసిండ్రు, ఏమేం చేసిండ్రు అన్నది రాసే కాయితం. దవాఖాననే దాసుకుంటది. ఇంటికిచ్చేది చిన్న చీటీ.

తొమ్మిదింటికి ముగ్గురు వచ్చిండ్రు. అండాలు కండ్లు ఉబ్బి ఉన్నయి. అత్తాకోడండ్ల నడుమ కూసున్నది. డాక్టరమ్మ ముందు స్వప్నను చూసి గోలీలు రాసింది, గడ్డ కాలేదన్నది. తర్వాత కాయితం తీసి మొదటికెళ్లి చదివి, ఒక్కొక్క మాటకు తెలుగుల అర్థం చెప్పింది. వచ్చేటప్పటికి గుండె సప్పుడు లేదు. తోలు ఊడింది. బొడ్డుతాడుకు ముడి పడి బిగుసుకున్నది. ఒక కాయితం మీద తాడు గీసి ముడి చూపిచ్చింది. బిడ్డ చిన్నగ ఉన్నప్పుడు తిరుగుకుంట ముడి వేసుకుంటది, నెలలు నిండినంక బిగుస్తది, అది ఎవరు వేసిన ముడి కాదు అన్నది.

స్వప్న నోరు తెరవకముందే ఆమె దిక్కు తిరిగి చెప్పింది. పానం లేకున్నా నీళ్లల్ల ఉంటది గనుక, తల్లి అటు ఇటు ఒత్తిగిలితె బిడ్డ గూడ కదులుతది. తల్లికి అది తన్నినట్టే ఉంటది. ఇద్దరు బిడ్డల్ని కన్న తనకైనా తేడా తెల్వకపోవచ్చునన్నది.

బాలమ్మ వదలలేదు. "తెల్లారగట్లనే వస్తే?"

"అయినా ఇంతే."

"ఇంక రెండు దినాల ముందు వస్తే?"

"ఆ ముడి బయటికెళ్లి కనబడదమ్మా. స్కానింగుల గూడ శానసార్లు దొరకదు."

డాక్టరమ్మ గీసిన కాయితాన్ని బాలమ్మ దగ్గరికి గుంజుకొని ముడి మీద వేలు పెట్టింది. చదువు రాదు ఆమెకు. అయినా పక్కనున్న కేసు షీటు మీది అక్షరాల దిక్కు మస్తుసేపు చూసింది. చూసి డాక్టరమ్మను అడిగింది. "ఈ కాయితం ఆనాటి సంది ఈడనే ఉన్నదా?"

"ఉన్నది" అన్నది డాక్టరమ్మ.

స్వప్నకు రెండు దినాలల్ల జ్వరం తగ్గింది, వారంల పాలు తగ్గినయి. ఆ వారంకెళ్లే డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టింది. బిడ్డ పోయిన ఎవరినైనా ఇంటికి పంపేముందు, తల్లిని, ఇంటి పెద్దమనిషిని ఇద్దరిని కూసోబెట్టి కేసు షీటు చదివి వినిపియ్యాలె. కారణం దొరకకపోతె దొరకలేదనే చెప్పాలె. ఆ దవాఖాన మూతబడ్డది, నేను రిటైరైన. సంఘం మాత్రం నడుస్తున్నది, ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నరు. ఏ దవాఖాన నుంచి ఫోనొచ్చినా మొదలు అడిగేది, కాయితం చదివి వినిపిచ్చిండ్రా అని. లేదంటె సుగుణ సిస్టర్ ముందు ఆ దవాఖానకు పోతది, తర్వాతనే మావాళ్లు ఇంటికి పోతరు.

రెండేండ్లకు స్వప్న బాలాపూర్ బస్సుల కలిసింది. తనే వచ్చి నా పక్కన కూసున్నది. "నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా" అన్నది. "గని అప్పటికెళ్లి తెల్లారేదాంక అత్తమ్మ నా దిక్కు చూడలే. అండాలక్క లేకుంటె ఏం చేసుకుందునో నాకే తెల్వదు." నేను అవ్ అన్న.

ఈ పనికి కొత్తగ వచ్చేటోళ్లకు నేను చెప్పేది ఇది. బిడ్డ పోయిన ఇంట్ల తప్పు ఎవరి మీదనో ఒకరి మీద ఉంటది, మనం పోయేటప్పటికే ఉంటది. మనకు తెలిసిన ఒక్క ముక్క చెప్తే అది పోదు, జాగ మారుతది. అందుకని ఆయా కారణం చెప్పొద్దన్న కట్టు సరైందే. చెప్పాల్సినోళ్లు అదే రోజు పూర్తిగ చెప్పినప్పుడే ఆ కట్టు సరైంది.