చెక్క మీద నా వేలు

ఆ రోజు చోడవరం బస్టాండులో పేపరు చదువుతున్నాను. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, వేలు పెట్టకపోతే వరుస తప్పిపోతుంది. పక్కన ఎవరో ఒకామె చెక్క పలక మీద పెన్సిలుతో గీస్తూ నన్నే చూస్తోంది. సిగ్గేసి వేలు తీసేశాను.

“తియ్యకు మామ్మా! ఈ సెక్క మీద బొమ్మ సెక్కి, పిల్లల పుస్తకానికి అచ్చేస్తాను. కతలు సెప్పే మామ్మల్ని శానామందిని సెక్కేను. సదివే మామ్మ ఇప్పుడే దొరికింది” అంది.

తొంగి చూశాను. “ఎడం సెయ్యి గీసేవేటి? నాది కుడి సెయ్యి!”

“సెక్క మీద తిరగెయ్యాల మామ్మా. కాయితం మీద అచ్చేస్తే కుడిసెయ్యే అవుద్ది.”

“అయితే ఆ వేలు కాస్త లావుగా సెక్కు. పిల్లలకి కనబడాల” అని, మళ్లీ వేలు పెట్టి, బస్టాండంతా వినేలా చదివాను.