నీడన ఆరేసే ఈత డ్రెస్సులు

బట్టకు పట్టిన రోగం వదలాలంటే మరగబెట్టాలి, గట్టిగా పిండాలి, ఎండకెయ్యాలి. మగ్గాల పనికి వలసొచ్చి కోసాడ్ క్వార్టర్లలో ఉండే పోశమ్మకు తెలిసిన వైద్యం ఇదే. కరోనా మొదటి ఏడు మగ్గాలు ఆగి, నూలు కండెలు చుట్టే పని పోయింది. మరుసటి ఏడు దగ్గర్లోని అమ్రోలిలో ఓ క్లబ్బు ఈతకొలనులో కొత్త పని దొరికింది. కిరాయికిచ్చే ఈత డ్రెస్సులు ఉతికి ఆరెయ్యాలి.

తీరా చూస్తే ఆమెకు తెలిసిన మూడూ అక్కడ పనికిరావు. వేడినీళ్లకు సాగుడు పోతుంది, పిండితే ఆకారం పోతుంది, ఎండకు రంగు పోతుంది అంది మేనేజరమ్మ. చన్నీళ్లలో జాడించి, తువ్వాలులో చుట్టి, మెత్తగా అదిమి, నీడన పరచాలట. అద్దాల గదిలో కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు. ఎవరెవరి ఒంటి మీదో ఉండి వచ్చిన తడిబట్టను అదిమేది పోశమ్మ కదా!

తనకేమైనా ఫరవాలేదు. భయమంతా మొగుడు నరహరి గురించే. మగ్గాల షెడ్డులో దుమ్ము మింగీ మింగీ నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. పక్కింటి సోమలింగం అలాంటివాడే, మొన్న వేసవిలో కరోనా సోకి ఊపిరాడక పోయాడు. పని మానేస్తే పొయ్యి వెలగదు. మింగలేక కక్కలేక, ఇంటికి రాగానే తలస్నానం చేసి మొగుడికి ఎడంగా పడుకునేది.

ఒక శనివారం, ఈతకొచ్చిన అమ్మాయికి పాజిటివ్ అని తెలిసింది. ఆమె డ్రెస్సు పొద్దున్నే పోశమ్మ అదిమింది. పైప్రాణాలు పైనే పోయాయి. కొలను మూసేశారు. మిగిలినవన్నీ ఉతికిపెట్టమని మేనేజరమ్మ ఫోన్లోనే ఆజ్ఞాపించింది. పోశమ్మ ఇంటికి పోలేదు. వాచ్‌మన్‌ను బతిమాలి సామాన్ల గదిలో ఉండిపోయింది; ఇంటికి రానని మొగుడికి ఫోన్ చేసి ఏడ్చింది.

మర్నాడు పొద్దెక్కాక నరహరి రొప్పుతూ వచ్చాడు.

"దగ్గరికి రాకు! దండం పెడ్త, ఆడనే ఉండు," అని అరిచింది, చేతిలో తడి డ్రెస్సుతో.

"ఫోన్ల ఏడుస్తివి. ఒక్కదానివి ఈడ ఎట్లుంటవే?"

"రోగమొచ్చినోళ్లు ఏసుకున్న బట్టలియ్యి. నీ పానం మీదికొస్తది. ఇంటికి పో!"

నరహరి పోలేదు. గబగబా వచ్చి ఆ డ్రెస్సు లాక్కున్నాడు. ఆరెయ్యడం చేతకాక తీగ మీద ఉండలా పడేశాడు. నీళ్లు అతని ముంజేతుల మీదుగా కారాయి.

"ఇగ ఇద్దరం ఒక్కటే. నడు, ఇంటికి పోదాం."

పోశమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎవరి కోసం ఇన్ని పాట్లు పడిందో ఆ మనిషే ఇంత పని చేశాడు. అతని చేతులు పట్టుకుని పంపు కిందకు లాగి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దింది.

"అయిపోయింది, చాలు," అన్నాడు నరహరి.

ఆ చేతులు వదిలితే కలిసి ఇంటికి వెళ్లాలి. పోశమ్మ మళ్లీ సబ్బు అందుకుంది.