బురద చెప్పిన సాక్ష్యం

పరదేశంలో ఎక్కడో పాదరసం కలిసిన చేపలు తిని మనుషులకి కాళ్లూ చేతులూ పడిపోయాయని చదివి, ఎనభైల మొదట్లో ఓ ఆదివారం చర్చి ఆవరణలో, మన కాలవల్లోనూ ఆ విషం ఉందంటూ ఉపన్యాసం దంచాను. నా కంఠం గోదావరి అవతలి గట్టుకి కూడా వినిపించి ఉంటుంది. మర్నాటికల్లా కొత్తపేట బజారులో చేపలామె తట్ట దగ్గర ఈగలు తప్ప బేరగాళ్లు లేరు.

గురువారం ఆవిడ తట్టతో సహా మా గుమ్మంలో కూర్చుంది.

“మీ నోటి చలవండి మాస్టారూ, మూడ్రోజులై మా పొయ్యి వెలగలేదు. మా కాలవలో ఇసం ఉందన్నారు కదా, చూపించండి మరి.”

చూపించే యంత్రం కొనాలంటే నేను పాఠాలు చెప్పే కాలేజీని రెండుసార్లు అమ్మాలి. నాకు దిక్కు బురదలోని సూక్ష్మజీవులే. పాదరసం ఉన్న బురదలో తరతరాలుగా బతికినవి దానికి అలవాటుపడి, వాటికి మేతగా కాచే జావలో పాదరసం కలిపినా పెరుగుతాయి. అలవాటు లేనివి చస్తాయి.

ఆవిడ భర్త వలేసే కాలువ అడుగు నుంచి బురద తీశాను. పోల్చి చూడ్డానికి పరమ పవిత్రమైన బురద కావాలి కదా, కాలేజీ వెనక తామరలు పూసే గుంటలోంచి తెచ్చాను. గాజు పళ్లేల్లో జావ పోసి, సగం వాటిలో పాదరసం కలిపి, బురద చుక్కలు వేసి, బీరువా మీద పెట్టాను. వేడికి మా వేసవి చాలు, కుంపటి కూడా దండగ.

నాలుగో రోజుకి పాదరసం కలిపినవాటిలో కాలువ పళ్లెం బోసిగా ఉంది. గుంట పళ్లెం అప్పనపల్లి తీర్థంలా కిటకిటలాడుతోంది! పాదరసం కలపని పళ్లేల్లో మాత్రం రెండూ ఏపుగా పెరిగాయి. పళ్లేల మీది చీటీలు తారుమారయ్యాయేమోనని మళ్లీ చేశాను. మళ్లీ అదే.

ఫిజిక్సు మాస్టారు కిళ్లీ నములుతూ తాపీగా అన్నారు: “మా ల్యాబులో పగిలిన థర్మామీటర్లు, ఒలికిన పాదరసం ఇన్నేళ్లూ ఆ గుంటలోకే కదండీ ఊడ్చేరు. ఆయ్.”

బజారుకెళ్లి, తలొంచుకుని, కాలువ బురదలో పాదరసం జాడ లేదని చెప్పాను.

“అలా గొణిగితే ఎలాగండీ? ఆదివారం అరిచినంత అరవండి.”

అరిచాను. జనం మూగారు. “మరి ఇసం ఎక్కడుందండీ?” అన్నాడొకాయన. ఉద్యోగం కళ్లముందు గిరగిరా తిరిగింది. “మా కాలేజీ గుంటలో” అన్నాను.

మొదటి బేరం నాదే. చేపలామె తామరాకు తీసి, చేప పెట్టబోయి, చటుక్కున ఆగింది.

“ఈ ఆకు మీ గుంటదేనండి మాస్టారూ. ఉండండి, అరిటాకులో చుడతాను.”