తప్పని చూపించడానికి గీసిన బొమ్మ

ఆడపడుచు అర్ధమొగుడంటారు. నాకు దక్కిన అర్ధమొగుడు బళ్లో స్టాటిస్టిక్స్ చెబుతుంది. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. నోరారా "వదినా" అని పిలుస్తూనే నన్ను కూడా తన క్లాసులో పిల్లలా చూస్తుంది. వాన వస్తుందా అని అడిగితే వస్తుందనీ చెప్పదు, రాదనీ చెప్పదు. "నూటికి అరవై పాళ్లు రావొచ్చు వదినా" అంటుంది. ఆ మాటకి గొడుగు పట్టుకెళ్లాలో వద్దో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

బళ్లు మూసేసి పాఠాలన్నీ తెరమీదికి ఎక్కిన ఏడాది మా భోజనాల బల్లే ఆమె తరగతి గది అయింది. మేం గోడవార పీట వేసుకుని తినేవాళ్లం. మా ఆయన మేజోడులో ఎర్ర సీసామూతలూ తెల్ల సీసామూతలూ పోసి, కళ్లు మూసుకుని ఒక్కోటే తీసి కెమెరాకి చూపించేది. తర్వాత ఏ రంగు వస్తుందో పిల్లలు నొక్కితే తెరమీద గీతలు లేచేవి. నాణెం ఎగరేయమంటే అన్ని ఇళ్లలోనూ నాణేలు నేలమీద పడ్డ చప్పుడు, ఎవరి తాతో "ఏం పారేశార్రా?" అని అరవడం, అన్నీ మా వంటింటి దాకా వినబడేవి. లెక్కలు ఇంత సరదాగా చెప్పొచ్చని ముందే తెలిస్తే నేను ఎనిమిదో తరగతి తప్పేదాన్ని కాదు.

అంత గోలలోనూ ఒక పిల్ల గొంతు మాత్రం వినబడట్లేదని మా టీచరమ్మకి దిగులు. పెద్ద రోడ్డు మలుపులో దుకాణం ఉన్న దర్జీ కూతురు అది. బళ్లో అందరూ "అనుమానం" అని పిలిచేవారు. బడి తెరిచి ఉన్న రోజుల్లో ఒకసారి ఈమె నాణెం ఎగరేసి, బొమ్మా బొరుసా అంటే, "ముందు ఆ నాణెం ఎవరు తెచ్చారో చెప్పండి మేడం" అందట. ఆ ముచ్చట ఇంటికొచ్చి మూడు పూటలా చెప్పింది. "నేను ఏడాదంతా నేర్పాల్సింది అది మొదటిరోజే అడిగేసింది వదినా!" అని మురిసిపోయింది. ఇప్పుడా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. అది తెల్లారగానే ఆ పిల్ల అన్నయ్య జేబులో కూర్చుని పార్సిళ్లు పంచడానికి పోతుంది.

ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారని ఈమెకి తెలుసు. బళ్లు మళ్లీ తెరుచుకునే వేళకి, పై తరగతులకి ఇకమీదట కూడా తెరమీదే పాఠాలు చెప్పాలని కరస్పాండెంటు తీర్మానించాడు. బడి ఆయనదే, మాటా ఆయనదే. ఈమె వెళ్లి అడిగింది ఒక్కటే: పైఅంతస్తులో ఒక్క గది తెరిచి, ఒక తెర పెట్టించి, ఫోను లేని పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టమని. "ఇబ్బందిగా ఉందని ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదే! ఉంటే లెక్క తీసి చూపించండమ్మా" అన్నాడాయన. లెక్క అనే మాట ఈమె దగ్గర అనకూడదు. ఆకలిగా ఉన్నవాడికి విస్తరి వేసినట్టే.

ఆ వారం క్లాసులో పిల్లల చేతే ఆ లెక్క తీయించింది. మొదటిరోజు తెరమీద ఉన్నవాళ్లని అడిగింది: "ఆన్‌లైన్ క్లాసు మీకు బాగుందా?" నూటికి తొంభైఆరు మంది బాగుందని నొక్కారు. దాన్ని గుండ్రటి బొమ్మగా గీసింది. తొంభైఆరు పాళ్లు లేత ఆకుపచ్చ, మిగతా కాస్తా ఎరుపు. ఎంత చక్కగా వచ్చిందంటే గోడకి తగిలించుకోవచ్చు. నేను అదే అన్నాను కూడా.

"పచ్చి అబద్ధం వదినా ఇది" అంది నవ్వుతూ. "రేపు పిల్లలకి ఇందులో తప్పెక్కడుందో చెబుతాను. ముందు బాగా నమ్మాలి కదా, అందుకే శ్రద్ధగా గీశాను."

మర్నాడు క్లాసు మొదలెడుతూనే, "ఇవాళ క్లాసుకి రానివాళ్లు చేతులెత్తండి" అంది. పిల్లలు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. నవ్వు అయ్యాక ఒక్కొక్కరికీ అర్థమైంది, నిన్న అడిగింది వచ్చినవాళ్లనే అని. అప్పుడు తలా ఒక పేరు పంచింది. రాని పిల్ల ఇంటికి వెళ్లి అదే ప్రశ్న అడిగి రమ్మంది. వాళ్లు వెళ్లారు. దర్జీ దుకాణానికి కూడా ఒక పిల్ల వెళ్లి అడిగొచ్చింది. అందర్నీ కలిపితే బొమ్మలో సగం ఎర్రబడింది. ఆ రెండో బొమ్మ మొదటిదంత అందంగా లేదు. దాని కింద ఎవరికి ఫోను లేదో, ఎవరికి గది లేదో చిన్న చిన్న అక్షరాలతో నింపింది.

రెండు బొమ్మల్నీ బడి వాళ్లకి పంపింది. ఏ వారం క్లాసులో చేయించినవి ఆ వారం పంపాలని అక్కడ నియమం. మొదటిదానిపైన "ఒకటో రోజు", రెండోదానిపైన "రెండో రోజు" అని మాత్రం రాసింది. మొదటిది తప్పని ఎక్కడా రాయలేదు. చూసిన ఎవరికైనా తెలుస్తుందిలే అనుకుంది. రోజూ ఆ చదువులోనే మునిగి తేలేవాళ్లు చేసే పొరపాటు ఇది. తమకి తెలిసింది లోకానికంతా తెలుసనుకుంటారు.

పది రోజులు తిరక్కుండా కరపత్రం అచ్చయింది. ఆకుపచ్చ బొమ్మ, దానికింద "మా విద్యార్థుల్లో నూటికి తొంభైఆరు మందికి ఆన్‌లైన్ చదువే ఇష్టం", ఆ కింద ఈమె ఫొటో, పేరు, డిగ్రీలు. మా గుమ్మంలో కూడా ఒకటి పడేసి పోయారు. అది చూసి ఈమె చెప్పులు వేసుకోవడం మరిచిపోయి బడికి బయల్దేరితే నేను వాటిని పట్టుకుని వెనకాలే వెళ్లాను.

"రెండూ మీరు గీసినవే కదమ్మా" అన్నాడు కరస్పాండెంటు. "ఒకటి బాగుంది, వేసుకున్నాం. ఇందులో అబద్ధమేముంది?"

"కనీసం ఆ రోజు తెరమీద ఉన్నవాళ్లనే అడిగామని కిందొక ముక్క వేయించండి సార్."

"చోటు లేదమ్మా."

అంత పెద్ద బడిలో ఒక గదికి చోటు లేదు, కరపత్రంలో ఒక ముక్కకీ చోటు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మా ముందు పెట్టిన మంచినీళ్లు తాగకుండా లేచి రావడం తప్ప నేను మాత్రం ఏం చేయగలిగాను! ఏడాది చివర ఈమెని ఉత్తమ అధ్యాపకురాలన్నారు, ఒక కప్పు ఇచ్చారు. అందులో ఇప్పుడు మా ఇంటి తాళంచెవులు వేస్తున్నాం. బడి మాత్రం పైఅంతస్తు ఎవరికో అద్దెకిచ్చేసింది.

ఆ కప్పు రాకముందే, పైఅంతస్తు అద్దెకిచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం నా సంచీ జిప్పు ఊడితే ఇద్దరం దర్జీ దుకాణానికి వెళ్లాం. ఈమె వస్తానంది, ఆ పిల్లని చూడాలని. పిల్ల మూల బల్లమీద కూర్చుని గుండీలు కుడుతోంది. మిషను పైన గోడకి ఆ కరపత్రం అంటించి ఉంది.

"రండి మేడం" అని దర్జీ లేచి కుర్చీ తుడిచాడు. "పిల్లని బడి మాన్పించేశామండి. రాత్రి వాళ్లన్నయ్య వచ్చాక ఫోను ముందు కూర్చునేది, ఏమీ అర్థం కావట్లేదని ఏడ్చేది. సరే, అందరికీ ఇలాగే ఉందేమో అనుకున్నాం. ఇంతలో మీ కాగితం వచ్చింది. నూటికి తొంభైఆరు మందికి బాగుందంటే, మా పిల్లకే బుర్ర లేదని తెలిసింది. నా కళ్లు తెరిపించారు."

ఆయన నిజంగా కృతజ్ఞతతోనే అన్నాడు. ఈమె కూర్చోకుండానే గోడవైపు తిరిగింది.

"ఆ బొమ్మ తప్పండీ. తప్పని చూపించడానికే గీశాను. మీ అమ్మాయి లాంటివాళ్లు అందులో లేరు."

"తప్పని తెలిసీ ఎందుకు గీశారమ్మా?" అన్నాడు. కోపం లేదు, అర్థం కాక అడిగాడు.

"పిల్లలకి నేర్పడానికి" అంది. ఆ మాట ఆమెకే చప్పగా వినబడి ఉంటుంది, ఆయన్ని వదిలేసి పిల్ల వైపు తిరిగింది. "నువ్వైనా అడగొద్దుటే, ఎవర్ని లెక్కపెట్టారని? మీ ఇంటికి మనిషిని పంపి అడిగించాను కదే!"

పిల్ల దారం కొరికి, సూది చొక్కాకి గుచ్చి, తలెత్తింది.

"మీ పేరుంది కదా మేడం" అంది.

మా టీచరమ్మ కుర్చీలో కూలబడింది.  దర్జీకి జాలేసినట్టుంది. గోడమీది కాగితాన్ని చిరగకుండా మెల్లగా ఊడదీశాడు, మడిచి ఆమె చేతికిచ్చాడు.

"పోనీలెండమ్మా. తప్పని మీరే చెబుతున్నారు కాబట్టి రేపే బడికి పంపిస్తాను. దుకాణం పని నేను చూసుకుంటాను" అన్నాడు. "పొద్దున్నే ఏ గదికి రమ్మంటారు?"