ఎడారిలో ఊపిన తువ్వాలు

కళింగపట్నం ఒడ్డుకు పడవ వస్తూ కనబడితే చాలు, గట్టునున్నవాళ్లు తువ్వాళ్లు ఊపుతారు. అల విరగని చోటు ఇదీ, ఇటు రండి అని. నూకయ్య మాత్రం ఊపడు. చేతులు చంకల్లో దోపుకుని కూర్చుంటాడు. "ఏటి మావా, విదేశం ఎల్లొచ్చినోడివని సేతులు బరువెక్కిపోనాయా?" అని పక్కనున్న సోములు ఎకసెక్కమాడితే నవ్వేసి ఊరుకుంటాడు. పాపిష్టి కథ, ఎవరితో చెప్పుకుంటాడు?

కువైట్‌లో హోటల్ పని అని చెప్పిన ఏజెంటు 2010లో అతణ్ణి ఇరాక్ ఎడారిలో దింపాడు. అక్కడ పరాయి దేశపు సైన్యం. వాళ్ల లారీల వెంట వెళ్లి వంట చెయ్యడం నూకయ్య పని. ఆ సైన్యానికి తుపాకులకు కొదవలేదు గానీ ఇసుకలో దారి తెలీదు. తెలిసినవాళ్లు బెదూయిన్లు, గొర్రెలు మేపుకుంటూ గుడారాల్లో బతికే తెగవాళ్లు. వాళ్లలో ఫర్హాన్ అనేవాడు మామూలు కాపరిలా మందను తోలుకుంటూ లారీలకు చాలా ముందు నడిచి, పాతిపెట్టిన బాంబులు కనిపెట్టేవాడు. సైన్యం మనిషని తెలిస్తే శత్రువులు బతకనివ్వరు. అందుకే దారిలో అతణ్ణి చూసినా చూడనట్టే ఉండాలని గట్టి ఆజ్ఞ.

చీకటి పడ్డాక ఎవరి కంటా పడకుండా విడిదికి వచ్చి మాత్రం, ఫర్హాన్ నూకయ్య పక్కనే కూర్చుని తినేవాడు. చేపల పులుసు కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ వడ్డించమనేవాడు. నూకయ్యకు వచ్చినవి నాలుగు అరబ్బీ ముక్కలే. అయితేనేం, తోడబుట్టినవాళ్లలా కలిసిపోయారు.

ఒకనాడు ఇసుకగాలి లేచింది. ఫర్హాన్ జాడ లేదు. పోయాడనే అనుకున్నారు. గాలి తగ్గాక చూస్తే దూరాన దిబ్బ మీద గొర్రెలు, వెనకే అతను. కడలి ఒడ్డున పుట్టినవాడి ప్రాణం ఆగుతుందా! నూకయ్య లారీ పైకెక్కి, తువ్వాలు తీసి, "ఇటు రారా, ఇటు" అని ఊపేశాడు. ఫర్హాన్ ముఖం తిప్పుకున్నాడు. ఏం లాభం? దిబ్బల చాటున కాపు కాసిన కళ్లు చూడనే చూశాయి. మర్నాడు అతని శవం దొరికింది.

"వాడు మా మనిషి కాడు" అనేశాడు అధికారి. దారి చూపించుకున్నన్నాళ్లూ మనిషే, చచ్చాక ఎవడో! ఆ తెగలోంచి ఇంకొకణ్ణి పిలిపించమన్నాడు, అంతే.

వచ్చినవాడు ఫర్హాన్ తమ్ముడు నాయిఫ్. వస్తూనే నూకయ్యను వెతుక్కుని రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్న ఎప్పుడూ నీ మాటే చెప్పేవాడు. వాణ్ణి పట్టిచ్చిందెవరో నీకు తెలుసా?"

నూకయ్య చేతులు విడిపించుకుని చంకల్లో దోపుకున్నాడు. "నాకు తెల్దు బావూ" అన్నాడు.

"అయితే ఇక్కడ నేను నమ్మదగ్గవాడివి నువ్వొక్కడివే" అని, నాయిఫ్ మందను తోలుకుని లారీల ముందు నడిచాడు.