ఆవిరి చూడందే వడ్డించని మేనత్త

అరవైల నాటి చిట్టమూరులో మా మేనత్త ఎవరినైనా నమ్మేదేమో గానీ, నిలవ మాంసాన్ని నమ్మేది కాదు. పొయ్యి పైన పొగకు ఆరగట్టి తానే దాచిన ముక్కలైనా సరే, కూర వేడిచేసిన ప్రతిసారీ పెద్ద ముక్కను చీల్చి, లోపలినుంచి ఆవిరి వస్తేనే వడ్డించేది.

ఒకసారి పాస్టరుగారు భోజనానికొచ్చారు. ముందురోజు వండిన ఎండుమాంసం కూరనే అత్త తొందరలో వేడిచేసి తెచ్చింది. ఆయన ప్రార్థన చేస్తుంటే, అత్త కళ్ళు మూసుకోకుండా ముక్క చీల్చింది. ఆవిరి రాలేదు. ఆమెన్ అనగానే గిన్నె ఎత్తింది.

"దేవుడు దీవించినాడు గదమ్మా, ఇంకా ఏం అనుమానం?" అన్నారాయన.

"అనుమానం దేవుడి మీద గాదు అయ్యగారూ, కూర మీద."

కూర మళ్ళీ పొయ్యెక్కి తెర్లింది. రెండోసారి ప్రార్థనలో పాస్టరుగారు ముక్క వైపే చూస్తున్నారు. నేనూ కళ్ళు మూసుకోలేదు కాబట్టి తెలుసు.