నిమిషానికి ఇరవై

మా వార్డులో అందరూ ఒకే లెక్కన ఊపిరి పీల్చేవారు. నిమిషానికి ఇరవై. శనక్కాయలు పీకబోయి పాము కరిపించుకున్న కూలి మనిషి ఇరవై, షుగరు పెరిగి సోలిపోయిన బట్టల కొట్టు శెట్టిగారు ఇరవై, కామెర్లు ముదిరి పసుపు ముద్దలా వచ్చిన డ్రైవరు ఇరవై. ప్రతి మంచానికీ ఒక అట్ట ఉండేది, దానికి క్లిప్పుతో ఒక కాగితం, కాగితం మీద పూటపూటకూ నాలుగు గడులు. జ్వరానికి థర్మామీటరు ఉంది, బీపీకి మిషనుంది, నాడికి వేలికి తగిలించే క్లిప్పుంది. ఊపిరికి ఏమీ లేదు. ఎవరైనా మంచం పక్కన నిలబడి, గడియారం చూస్తూ, ఒక నిమిషంపాటు మనిషి ఛాతీని చూడాలి. నలభై మంచాలకు ఇద్దరం సిస్టర్లం. ఆ నిమిషం మాకెప్పుడూ దొరకలేదు.

ఇరవై అని రాయడం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను చేరిన వారానికి సీనియరొకామె, "ఆ గడిలో ఇరవై వేసెయ్, ఎవురూ అడగరు" అంది. నేనూ వేసేశాను. నన్ను బద్ధకస్తురాలని ఎవరైనా అంటే ఊరుకునే రకాన్ని కాను. సెలైను అయిపోయినా సీసా మార్చకుండా కూర్చున్న జూనియర్లను ఏడిపించి వదిలిన మనిషిని. ఆ ఒక్క గడి మాత్రం నా కళ్లకు ఆనలేదు. ఇప్పుడు నేను ప్రతి మంచం దగ్గరా నిమిషం నిలబడుతుంటే కొత్త పిల్లలు "మేడం తపస్సులో ఉండారు, కదిలించొద్దండి" అని ఆటపట్టిస్తారు. పట్టించనీ.

ఒకసారి పన్నెండు గంటల గడిని పదకొండున్నరకే నింపేశాను. మధ్యాహ్నం పని తేలికవుతుందని అందరం అలాగే చేసేవాళ్లం. కిటికీ పక్క మంచంలోని ముసలాయన పదకొండూ ముప్పావుకు పోయాడు. ఆయన్ని తీసుకుపోయాక అట్ట మీద కాగితం తీస్తే, పోయిన పావుగంటకు కూడా ఆయన నిమిషానికి ఇరవైసార్లు ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. నా చేతిరాతే. ఆ అంకెను కొట్టేసి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. మర్నాడు పొద్దున మళ్లీ నలభైమందికీ ఇరవై వేశాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ తర్వాతి ఎండాకాలంలో ముదిగుబ్బ అవతలినుంచి ఒక గొర్రెలకాపరి వచ్చాడు. యాభై దాటిన మనిషి. తెల్లవారుజామున పట్టుకున్న కడుపునొప్పి వీపులోకి దూసుకుపోతోందని, రెండు చేతులతో కడుపు అదిమిపట్టుకొని బెంచీ మీద ముడుచుకుపోయి ఉన్నాడు. వెంట వచ్చింది భార్య ఒక్కతే. రక్తం పరీక్ష, స్కాను అయ్యాక మా డ్యూటీ డాక్టరు పాంక్రియాటైటిస్ అన్నాడు. పిత్తాశయంలోంచి జారిన రాయి అడ్డుపడి క్లోమగ్రంథి వాచింది.

ఆ డాక్టరు చిన్నవాడు, కానీ పని తెలిసినవాడు. "దీంతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది వారానికల్లా లేచి ఇంటికి పోతారు సిస్టర్. కొంతమందికి మాత్రం ఊపిరితిత్తులు, కిడ్నీలు వరసగా మొరాయిస్తాయి. మొదటి రోజు ఇద్దరూ ఒకేలా కనపడతారు. ఎవరు ఎవరో ఇప్పుడే పట్టుకోవాలి" అన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీశాడు. వయసు, రక్తంలో యూరియా, మాటలో తడబాటు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, ఇంకా జ్వరం, నాడి, ఊపిరి, తెల్లకణాలు. వీటికి మార్కులు వేసి చూడాలి. మార్కులు పెరిగితే మనిషి ఐసీయూకి, లేకపోతే వార్డులోనే సెలైను.

"నాడి నూటెనిమిది. ఊపిరి ఎంత సిస్టర్?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఇరవై సార్" అన్నాను. మంచం వైపు తిరగనైనా లేదు.

కాగితంలోని చివరి నాలుగింటిలో నాడి ఒక్కటే వేగంగా ఉంటే మార్కు పడదు, దానికి తోడు ఇంకొకటి ఉండాలి. ఊపిరి ఇరవై దాటి ఉంటే ఆ తోడు దొరికేది. ఇరవై అంటే దాటనట్టు. డాక్టరు సున్నా వేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన భార్య సంగతి చెప్పాలి. మిగతా రోగుల మనుషులు మమ్మల్ని ప్రశ్నలతో చంపుకుతింటారు. ఎప్పుడు పంపిస్తారు, ఏం పెట్టాలి, పెద్ద డాక్టరు యాడ అని. ఈమె ఒక్క ముక్క అడగలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచం కాళ్ల వైపు నిలబడి మొగుణ్ణే చూస్తుండేది. ముఖాన్ని కాదు, పక్కటెముకల కింద. నేను ఏ పని మీద అటు పోయినా ఆమె చూపు అక్కడే ఉండేది, రెప్పకూడా వేస్తున్నట్టు లేదు. ఆమెను చూస్తే నాకెందుకో భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది. "రొంత కూకో అక్కా, నువ్వు నిలబడితే నొప్పి తగ్గుతాదా?" అని కసిరాను. ఆమె జరిగి నాకు దారి ఇచ్చింది, అంతే.

మర్నాటికి గొర్రెలకాపరి నొప్పి తగ్గిందన్నాడు. ముఖం తేటపడింది. పక్క మంచాలవాళ్లు, "గట్టోడివేనప్పా" అని మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను.

మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఒక్కొక్కటే తిరిగి తిరిగి ఆగిపోయాయి. మా వైపు మే నెల ఎండలో ఆ వేళకు కాకికూడా అరవదు. వార్డంతా గుడ్లప్పగించి పైకప్పు చూస్తూ పడుకొని ఉంది. అప్పుడు ఆయన నాలుక మడిచి, "ట్ర్‌ర్‌ర్… హోయ్" అని పిలిచాడు. మందను పిలిచే పిలుపు. ఆ గోడల మధ్య అది ఎంత గట్టిగా వినిపించిందంటే, నా చేతిలోని మందుల ట్రే కదిలింది.

లేచి కూర్చొని తలుపు వైపు చూస్తున్నాడు. చూపుడు వేలు ఆడిస్తూ, తలుపులోంచి ఒక్కొక్కటే లోపలికి వస్తున్నట్టు, వాటిని లెక్కపెడుతున్నాడు. వేలు నెమ్మదిగా గుమ్మం నుంచి మంచాల మధ్యకు, అక్కడినుంచి నా కాళ్ల దగ్గరకు వచ్చింది. నేను రెండడుగులు పక్కకు జరిగాను. ఎందుకు జరిగానో ఇప్పటికీ చెప్పలేను, దారి ఇచ్చినట్టు జరిగాను.

"ఒకటి తక్కువుండాది" అన్నాడు. "యాడికి పోయినాది?"

పక్క మంచాలవాళ్లుకూడా తలుపు వైపు చూశారు. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు.

"ఎప్పట్నుంచి ఇట్ల మాట్లాడుతాండాడక్కా?" అన్నాను.

ఆమె మొగుడి పక్కటెముకల మీంచి చూపు తిప్పకుండానే, "డొక్కలెగరేస్తాండాడు" అంది. "ఇట్ల ఎగరేసే జీవం పొద్దుగూకేలోపు పడిపోతాది."

నాకు మండిపోయింది. "ఏం మాటలక్కా అవి! కట్టుకున్నోణ్ణి పట్టుకొని గొర్రెను చెప్పినట్టు చెప్తాండావే!"

"కోపమెందుకమ్మా. చూడు." నేను ఆయన చెయ్యి పట్టుకోబోతే ఆపింది. "ముట్టుకోవద్దు. ముట్టుకుంటే బెదురుతాది, లెక్క తప్పుతాది. ఈడ వెనక నిలబడి చూడు. మేము దొడ్డి తడిక తీయకముందే అట్ల చూస్తాం. డొక్క ఎగరేసేదాన్ని మందతో తోలం."

మాకు కాలేజీలో నేర్పింది కూడా అదే. రోగికి తెలియకుండా చూడాలి, ఊపిరి లెక్కపెడుతున్నట్టు తెలిస్తే ఊపిరి మారుతుంది అని. పన్నెండేళ్లలో ఒక్కసారీ చేయలేదు. ఆమె పక్కన నిలబడి గడియారం చూశాను. ఫ్యాన్లు లేవు కాబట్టి ఆయన ఊపిరి వార్డు ఆ చివరిదాకా వినపడుతోంది. అంతసేపూ అది ఉంది, ఫ్యాన్ల చప్పుడు కింద. ముప్పై ఆరు. తప్పనుకొని మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

అట్ట తీసి చూశాను. ఇరవై, ఇరవై, ఇరవై. పొద్దున నాది, సాయంత్రం ఇంకొకరిది, మళ్లీ నాది. మంచం మీద ఒక మనిషి గాలికోసం పెనుగులాడుతున్నాడు. కాగితం మీద ఇంకొకడెవడో హాయిగా పడుకొని ఉన్నాడు. మేము నిన్నటినుంచీ ఆ రెండోవాడికి వైద్యం చేస్తున్నాం.

పరుగెత్తాను. డాక్టరు వచ్చాడు. రక్తంలో ఆక్సిజను పడిపోయింది, ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, యూరియా నిన్నటికి రెండింతలైంది. మూత్రం సంచిలో అడుగున నల్లగా ఒక గుక్కెడు ఉంది. ఐసీయూకి మార్చారు. స్ట్రెచరు పోయాక డాక్టరు అట్ట చేతిలో పట్టుకొని, "నిన్న ఇరవయ్యేనా సిస్టర్?" అన్నాడు.

అవునని ఉంటే అక్కడితో అయిపోయేది. "లెక్కపెట్టలేదు సార్" అన్నాను.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నిన్న అది తెలిసి ఉంటే సాయంత్రమే మళ్లీ పరీక్షలు చేయించేవాణ్ణి. బతికేవాడని చెప్పలేను. ఒక రోజు ముందుండేవాళ్లం" అన్నాడు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆయన పోయాడు. కబురు తెలిసి పైకి వెళ్లాను. ఐసీయూ బయట ఆమె మొదటిసారి కూర్చొని కనిపించింది, గోడకు ఆనుకొని నేలమీద. ఏడవడం లేదు. నేను పక్కన కూర్చున్నాను. ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం లేక, ఎదురుగా ఉన్న తలుపుకు చెప్పాను. వచ్చిన రోజు నేను ఆయన ఊపిరి లెక్కపెట్టలేదని, ఊరికే ఒక అంకె రాశానని, ఆ అంకె మీదే డాక్టరు ఆయన్ని వార్డులో ఉంచాడని.

ఆమె నా వైపు తిరిగింది. "ఊరికే రాసినావా?" అంది. నన్ను తప్పుపడుతున్నట్టు లేదు, నిజంగానే తెలియక అడుగుతున్నట్టుంది. నేను తల ఊపాను.

"బస్సులోనే డొక్కలెగరేస్తాండె" అంది ఆమె. "వచ్చినాంక చెప్దామని నోటికాడికి వచ్చె. నువ్వు మాటిమాటికీ వచ్చి రాసుకొని పోతాంటివి కదమ్మా. సదువుకున్న బిడ్డ, నాకంటే ముందే చూసింటాదిలే అని గమ్మునుంటి."